మీకు తెలుసా? గత్తర, ప్లేగు కాలపు కార్వాన్

గోల్కొండ నుంచి చార్మినార్‌కు పోయే పాత బాట కార్వాన్ మీదుగా, 1578 నాటి పురానాపూల్ దాటి వెళ్తుంది. ఆ బాటన సరుకులతో పాటు రోగాలూ నడిచి ఉంటాయి.

• ప్లేగు తగ్గినందుకు మొక్కు తీర్చుకుంటూ చార్మినార్ కట్టారని గైడ్లు చెబుతారు. కానీ చార్మినార్ కట్టిన 1591లోనే హిజ్రీ వెయ్యో సంవత్సరం మొదలైంది, దాని గుర్తుగానే కట్టారన్న వాదన నాకు గట్టిగా కనిపిస్తుంది.

• ఆషాఢంలో కార్వాన్ దర్బార్ మైసమ్మకు బోనాలెత్తుతారు. కొత్త కుండకు పసుపు, కుంకుమ, వేపమండలు. లోపల అన్నం, మీద దీపం. బోనాల వెనుక ఒక కథ ఉంది: జంటనగరాల్లో 1813లో మహమ్మారి రేగితే, అప్పుడు ఉజ్జయినిలో ఉన్న ఇక్కడి సైనికుడొకరు మహంకాళికి మొక్కుకొని, తిరిగొచ్చాక 1815లో సికింద్రాబాద్‌లో అమ్మవారిని నిలిపారని చెబుతారు.

• గత్తర, అంటే కలరా, మనిషిని ఒక్క పూటలో తీసుకుపోగలదు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు, ఉప్పు ఖాళీ అవుతాయి. ఈ రోజుల్లో ఉప్పు, చక్కెర సరైన పాళ్లలో కలిపిన నీళ్లే చాలామందిని బతికిస్తాయి. విక్టోరియా రాణి కాలంలో ఆ కిటుకు ఎవరికీ తెలియదు. రోగం చెడుగాలితో వస్తుందనే పెద్ద డాక్టర్లూ నమ్మేవారు. 1854లో లండన్ సోహోలో జాన్ స్నో అనే డాక్టరు, చావులు దాదాపు అన్నీ బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూనే ఉన్నాయని తేల్చి దాని పిడి తీయించాడు. అయినా చాలామంది ఒప్పుకోలేదు!

• మన దగ్గర పెద్ద మార్పు తెచ్చింది 1908 మూసీ వరద. 1911లో ప్లేగు కూడా రావడంతో 1912లో నగరాభివృద్ధి బోర్డు పెట్టారు. ఇరుకు బస్తీలు తీసేసి, గాలీ వెలుతురూ ఉండే ఇళ్లు కట్టించారు. కార్వాన్ పొరుగున ఉన్న మల్లేపల్లి వాటిలో ఒకటి. మూసీ వరదను ఆపడానికి కట్టిన గండిపేట చెరువు 1920కల్లా సిద్ధమై నగరానికి తాగునీరూ ఇచ్చింది. ఆ నీటిని వడపోసేది కార్వాన్‌కు దగ్గర్లోని ఆసిఫ్‌నగర్‌లోనే. నన్నడిగితే గత్తరను తరమడంలో మందులకన్నా ఈ వడపోతకే ఎక్కువ పేరు రావాలి.

• దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897 ఆగస్టు 20న, మన బేగంపేటలో. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమల చేత కుట్టించి, కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా ఇచ్చాడు. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది.

• నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి 1915లో ఎర్రమంజిల్ దగ్గర అంటురోగుల్ని విడిగా ఉంచడానికే మొదలైంది. నల్లకుంటకు 1923లో మారింది. పాతవాళ్లు ఇప్పటికీ దాన్ని కోరంటి (క్వారంటైన్) దవాఖాన అనే అంటారు.