ఆర్ లోయ ద్రాక్షరైతుల సంఘము

పంట పండించుట యెంత ముఖ్యమో, దానిని గిట్టుబాటు ధరకు విక్రయించుటయు రైతున కంతే ముఖ్యము. సరుకు నిలువచేసికొనఁజాలని వాఁడు వర్తకుఁడు చెప్పిన ధరకు తలయొగ్గవలసినదే. ఈ బాధ మన పల్లెలకే పరిమితము కాదు. జర్మనీలోని ఆర్ లోయ ద్రాక్షరైతులు దీనినెట్లు తొలఁగించుకొనిరో సభ్యులకు దెలుపఁ దలఁచితిమి. పానమును ప్రోత్సహించుట మా యుద్దేశము కాదు. సంఘబలమును జూపుటయే మా తలంపు.

ఆర్ యనునది రైను నదిలోఁ గలియు చిన్న యేఱు. దాని కిరుప్రక్కల నిట్రమైన పలకఱాతి కొండచఱియలు గలవు. వానిపై మెట్లుమెట్లుగా ఱాతిగోడలు గట్టి ద్రాక్ష వేయుదురు. అది చలిసీమయే, అయినను పలకఱాయి పగటి యెండవేఁడిమిని పట్టియుంచి రాత్రివేళ తీఁగెల కందించును. అందుచే నచ్చట ఎఱ్ఱ ద్రాక్ష బాగుగాఁ బండును. పెక్కుచోట్ల యంత్రములు సాగవు. సేద్యము చేతులమీఁదనే జరుగవలెను.

కోసిన ద్రాక్ష నిలువయుండదు. వెంటనే పిండి పులియఁబెట్టవలెను. పీపాలును నేలమాళిగయు లేని పేదరైతు వర్తకుఁ డిచ్చినంతకే పంట నమ్ముకొనెడివాఁడు. 1868 డిసెంబరులో మైషోస్ గ్రామమున 18 మంది రైతులు కూడి సంఘము స్థాపించిరి. ద్రాక్షరైతుల సహకారసంఘములలో మిక్కిలి ప్రాచీనమని దీనికిఁ బేరు. సభ్యుఁడు తెచ్చిన పండును దూఁచి, రసములోని తీపిని గొలిచి, దానినిబట్టి వెలకట్టుట యిట్టి సంఘముల పద్ధతి. అందఱి పండును ఒక్కచోటనే ఆసవమగును గనుక, ఒకఁడు పచ్చికాయ తెచ్చినను అందఱి పేరును జెడును.

అచ్చటి ముఖ్యమైన ఎఱ్ఱ ఆసవము ష్పేట్‌బుర్గుండర్. ఫ్రాన్సులో ఈ ద్రాక్షనే పినో న్వార్ అందురు. దానిని కాల్చిన దుప్పిమాంసముతోను, సిర్కాలో దినములతరబడి నానవేసి ఎండుద్రాక్షపులుసుతో వండిన గొడ్డుమాంసముతోను సేవింతురు. ఫ్రూబుర్గుండర్ దానికంటె ముందుగాఁ బక్వమగు రకము. పులుపుగల తెల్లని రీస్లింగ్ ఏటిచేఁపలకుఁ దగినది. కోఁతకాలమున సగము పులిసిన క్రొత్తరసమును ఉల్లిపాయల రొట్టెతోఁ గలిపి పుచ్చుకొనుట అచ్చటి వేడుక.

2021 జూలై 14 రాత్రి ఆ యేఱు మహోగ్రముగాఁ బొంగెను. లోయలో 130 మందికిఁ బైగా మరణించిరి. మాళిగలు, పీపాలు, యంత్రములు బురదపాలయ్యెను. కొండచఱియలమీఁది తోఁటలు చాలవఱకు మిగిలెను గాని, కోఁత దగ్గఱపడుచుండఁగా పనిముట్లు లేవు. అప్పుడు ఇతర సీమల ద్రాక్షరైతులు తమ పనిముట్లతో వచ్చి తోఁటపని చేసిపెట్టిరి. బురదపట్టిన సీసాలను కడుగకయే సహాయనిధికై విక్రయింపఁగా, 40 లక్షల యూరోలకు మించి ప్రోగయ్యెను.

ఆ సీమకును మన సంఘములకును సంబంధము కలదు. 1892లో మద్రాసు ప్రభుత్వము నియమింపఁగా ఫ్రెడరిక్ నికల్సన్ ఐరోపా రైతుబ్యాంకులను బరిశీలించి, ఆర్ లోయకు సమీపమున రైనుతీరమందు రైఫైసెన్ నెలకొల్పిన గ్రామసంఘముల పద్ధతిని మనకు సిఫారసు చేసెను. 1904లో సహకార ఋణసంఘముల చట్టము వచ్చెను. అప్పు విషయమున మన మా పాఠమును నేర్చితిమి. వేరుసెనగ, మిరప మొదలగు పంటలను ఒక్కచోటఁ జేర్చి, నాణ్యమునుబట్టి వెలకట్టి, కలిసి విక్రయించుటలో మన మింకను నేర్వవలసినది చాలఁ గలదు. సభ్యులు రాఁబోవు సమావేశమున దీనిని చర్చింతురు గాక.