పంటికి పని చెప్పని తిండి

పళ్ళకు క్లిప్పులు బిగించుకొచ్చిన పూట పిల్లలు మామూలుగానే ఉంటారు. మాటిమాటికీ అద్దం చూసుకుంటారు, మధ్యాహ్నం భోజనం కూడా కానిచ్చేస్తారు. నొప్పి సాయంత్రానికి మొదలవుతుంది. మర్నాడు అన్నం మెతుకు నమిలినా కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. 'నిన్న బాగానే తిన్నావుగా' అని పెద్దవాళ్ళు విసుక్కుంటారు. పిల్లలు వంకలు పెట్టడం లేదు. ఈ నొప్పి ఆలస్యంగా వచ్చే రకమే.

కారణం పంటి వేరు దగ్గరుంది. వేరు ఎముకకు నేరుగా అతుక్కుని ఉండదు. రెంటికీ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల మందాన ఒక నారపొర ఉంటుంది. దాన్ని పీరియడాంటల్ లిగమెంట్ అంటారు. అందులో రక్తనాళాలు, నరాల కొసలు కిక్కిరిసి ఉంటాయి. అన్నంలో వెంట్రుక పంటి కింద పడగానే మనకు తెలిసిపోయేది వీటి వల్లే. క్లిప్పుల తీగ పన్నును ఒక పక్కకు నెట్టినప్పుడు ఆ పక్క పొర నలుగుతుంది, అవతలి పక్క సాగుతుంది. నలిగిన చోట ప్రోస్టాగ్లాండిన్లు వంటి రసాయనాలు పుడతాయి. నరాలను సున్నితం చేసేవి అవే. దారికి అడ్డున్న ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్ కణాలను పురికొల్పేవీ అవే. సాగిన పక్కన ఇంకో రకం కణాలు కొత్త ఎముక కడతాయి. స్వీడన్ పరిశోధకుడు శాండ్‌స్టెట్ 1904లోనే కుక్కల పళ్ళపై ప్రయోగం చేసి ఈ మార్పులను చూపించాడు. ఆ రసాయనాలు పోగవడానికి వ్యవధి కావాలి. అందుకే నొప్పి 4 గంటల తర్వాత మొదలై, ఒక రోజుకు బాగా పెరిగి, వారంలో సద్దుమణుగుతుంది. పన్ను కదలడానికీ ఆ రసాయనాలే కావాలి కనుక, ప్రోస్టాగ్లాండిన్లను అణచే ఐబుప్రొఫెన్ కన్నా పారాసెటమాల్ వైపు చాలామంది డాక్టర్లు మొగ్గుతారు. ఏ మందైనా మీ డాక్టర్‌ని అడిగాకే వేయండి.

ఇక తిండి సంగతి. చేత్తో తాకితే మెత్తగా ఉన్నంత మాత్రాన అన్నీ ఈ వారానికి పనికిరావు. చపాతీ మెత్తగానే ఉంటుంది, కానీ తుంచి నోట్లో పెట్టుకున్నాక ఎన్నిసార్లు నమలాలో చూడండి. పూరీ, పరోటా, బ్రెడ్డు అంచులు కూడా అంతే. నలిగిన పొర మీద ప్రతి నములుడూ ఒక కొత్త నొక్కు. అందుకని నేను ఒక్కటే పరీక్ష చెబుతాను: నాలుకను అంగిలికి అదిమితే ఆ ముద్ద చితికిపోవాలి. జపాన్‌లో నమలలేని వృద్ధుల కోసం అమ్మే ఆహారపు పొట్లాల మీద 'చిగుళ్ళతో నలిగేది', 'నాలుకతో నలిగేది', 'నమలక్కర్లేనిది' అంటూ తరగతులు ముద్రిస్తారు. మన వంటింట్లో ఆ చివరి రెండు తరగతులకూ కొదవలేదు.

రాయలసీమ రాగి సంకటినే తీసుకోండి. దాన్ని నమలరు. వేళ్ళతో చిన్న ముద్ద తీసి, పప్పులోనో పులుసులోనో ముంచి గుటుక్కున మింగేస్తారు. క్లిప్పుల వారానికి అంతకన్నా తగిన ముద్ద ఏముంది? అలవాటు లేని పిల్లలకు మాత్రం గొంతుకు అడ్డం పడకుండా జావ కాచి ఇవ్వడం మేలు. మెత్తగా ఉడికిన అన్నంలో ముద్దపప్పు, నెయ్యి కలిపితే మాంసకృత్తులూ అందుతాయి. ఒట్టి జావలతో వారం గడిపితే ఎదిగే పిల్లలు నీరసపడతారు. పాలలో నానిన ఇడ్లీ, మిరియాలు తీసేసిన కట్టెపొంగలి, గుడ్డు పొరటు, సొరకాయ పాలు పోసిన కూర, ముళ్ళు తీసిన చేప, బాగా పండిన బొప్పాయి, అరటిపండు ఇవన్నీ పరీక్షలో నెగ్గేవే. ఉప్మా చేస్తే తాలింపులో శనగపప్పు, పల్లీలు వద్దు. ఒక్క పప్పు బద్ద పంటి కింద పడితే చాలు, పిల్లలు కంచం ముందు నుంచి లేచిపోతారు.

చల్లటి పెరుగన్నానికి ఇంకో బలం ఉంది. మొదట్లో వేసే తీగ చాలావరకు నికెల్, టైటానియంల మిశ్రమం. అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో పుట్టిన ఆ లోహం 1970ల తొలినాళ్ళలో దంతవైద్యంలోకి వచ్చింది. ఇందులో వేడికి స్పందించే రకాలు చల్లబడితే కాసేపు మెతకబడి పంటి మీద ఒత్తిడి తగ్గిస్తాయి. చల్లదనం నరాలనూ మొద్దుబారుస్తుంది. చల్లటి మజ్జిగ గుక్క నోట్లో కాసేపు పట్టి ఉంచితే ఉపశమనంగా ఉండేది అందుకే. పొగలు కక్కే చారు రెండు రోజులు ఆగితే మంచిది.

ఐస్‌క్రీమూ చల్లనిదే, మెత్తనిదే. అడిగితే కాదనలేం, కానీ పూటపూటా వద్దు. క్లిప్పుల చుట్టూ తీపి నిలిస్తే అక్కడి బాక్టీరియా ఆమ్లాన్ని తయారుచేసి ఎనామిల్‌లోని ఖనిజాన్ని లాగేస్తుంది. శుభ్రత కొరవడితే నెల తిరక్కుండానే తెల్ల మచ్చలు కనిపించవచ్చు. మెత్తటి తిండి మరీ ఎక్కువ అంటుకుంటుంది కనుక తిన్న ప్రతిసారీ పుక్కిలించాలి. నొప్పిగా ఉన్నా మెత్తటి బ్రష్షుతో తోమాలి.

లోపలి బుగ్గ ఒరుసుకుని పుండు పడితే ఆవకాయ, గోంగూర పక్కన పెట్టి, డాక్టర్ ఇచ్చిన మైనం పంటికి అంటించిన బ్రాకెట్టు మీద అద్దండి. నొప్పి తగ్గే కొద్దీ తిండి మార్చండి: నాలుగైదు రోజులకు ఉడికిన కూరగాయ ముక్కలు, ఆ తర్వాత సాంబారులో నానిన వడ, వారం దాటాక చపాతీ. జంతికలు, సకినాలు, పల్లీ చిక్కీ, చెరకు, మొక్కజొన్న కండె మాత్రం క్లిప్పులు తీసేదాకా ముట్టకూడదు. అవి నొప్పి పెట్టకపోయినా బ్రాకెట్టును ఊడగొడతాయి, చికిత్స వెనక్కి పోతుంది. జామకాయ మానక్కర్లేదు. గింజలు తీసి, పల్చగా కోసి, వెనక పళ్ళతో నమలమనండి.