గేరు కోడ్ వచ్చినంత మాత్రాన గేర్‌బాక్సు పోయినట్టు కాదు

పొద్దున్నే అయిదున్నరకు కారు స్టార్ట్ చేస్తారు. సమ్మామిష్‌లోనో డువాల్‌లోనో సైటు. మీటర్ల మధ్య పసుపు రంగు ఇంజను బొమ్మ వెలుగుతుంది. బండి ఒకే గేరులో ఇరుక్కుపోయి మూలుగుతూ పోతుంది. అప్పుడు మీకు ముందు గుర్తొచ్చేది బండి కాదు, ఆ రోజు కూలి. 2025 మే నుంచి రెడ్‌మండ్ డౌన్‌టౌన్ దాకా రైలు వస్తోంది, సంతోషమే. కానీ మన సైట్లు స్టేషన్ పక్కన ఉండవు కదా.

నా పాత కారుకీ ఇలాగే అయింది. ఒక షాపులో చిన్న మిషన్ తగిలించి అయిదు నిమిషాల్లో చెప్పేశారు: "ట్రాన్స్‌మిషన్ పోయింది, మొత్తం మార్చాలి." కాగితం మీద రాసివ్వమంటే రాయలేదు. నేను చదివింది కామర్సు, మెకానిక్కుని కాను. కానీ లెక్క లేని బిల్లు అంటే నాకు అనుమానం. ఇంకోచోట చూపించాను. సెన్సర్ కనెక్టర్ పిన్నులకు చిలుము పట్టింది, అంతే.

అసలు ఆ మిషన్ ఏం చెబుతుందో తెలుసుకోండి. 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే దాదాపు ప్రతి పెట్రోలు కారులో స్టీరింగ్ కింద, మోకాలి దగ్గర ఒక సాకెట్ ఉంటుంది. కంప్యూటర్ రాసిపెట్టుకున్న కోడ్ అక్కడ చదవొచ్చు. పి0700 అంటే "గేర్ల వైపు ఏదో తేడా ఉంది, లోపల ఇంకో కోడ్ ఉంది చూడు" అని మాత్రమే అర్థం. పి0715 అయితే ఇంజను నుంచి గేర్‌బాక్సులోకి వచ్చే షాఫ్టు వేగం చెప్పే సెన్సర్ సర్క్యూట్. పి0720 అయితే బయటికి పోయే షాఫ్టుది. ఈ రెండు వేగాలూ పోల్చి చూసుకునే గేరు సరిగ్గా పడిందా, జారుతోందా అని కంప్యూటర్ తేల్చుకుంటుంది. ఒక లెక్క అందకపోతే దానికి కళ్ళు కట్టినట్టే. చాలా బండ్లు అప్పుడు నష్టం పెరగకుండా ఒకే గేరుకు కట్టుబడిపోతాయి. మీరు విన్న మూలుగు అదే కావచ్చు.

"సర్క్యూట్" అన్న మాట గట్టిగా పట్టుకోండి. సెన్సర్ పోయి ఉండొచ్చు, వైరు ఒరుసుకుపోయి ఉండొచ్చు, కనెక్టర్‌లో నీళ్ళు చేరి ఉండొచ్చు. మన వానలు మీకు తెలియనివి కాదు. గేర్‌బాక్సు నిజంగానే పాడై ఉండొచ్చు కూడా. ఏదనేది మీటరు పెట్టి పరీక్షిస్తేనే తేలుతుంది. కొన్ని బండ్లలో సెన్సర్ బయటే బోల్టుతో ఉంటుంది, పని తొందరగా అయిపోతుంది. కొన్నింట్లో లోపల ఉంటుంది, ఆయిల్ దింపి పాన్ విప్పాలి, కూలీ పెరుగుతుంది. అయినా గేర్‌బాక్సు మార్చే వేల డాలర్ల ఖర్చుతో దానికి పోలిక లేదు.

ఆటోజోన్, ఒరైలీ లాంటి పార్టుల దుకాణాల్లో కోడ్ ఉచితంగా చదివి చెబుతారు. నంబరు ఫొటో తీసుకోండి. "లైటు ఆర్పేస్తా" అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. కోడ్‌తో పాటు ఆ సమయంలో బండి వేగం, ఇంజను వేడి లాంటివి కూడా కంప్యూటర్ దాచుకుంటుంది, అవీ చెరిగిపోతాయి. మన రాష్ట్రంలో 2020 నుంచి పొగ పరీక్ష లేదు కాబట్టి లైటు వెలిగినా ట్యాబ్స్ వచ్చేస్తాయి. అందుకే చాలామంది నెలల తరబడి అలాగే నడిపేస్తారు. అది మాత్రం వద్దు. ఇంజను గీ పెడుతున్నా బండి ముందుకు పోకపోతే, ఆయిల్ మాడు వాసన వస్తే, 520 ఎక్కకండి, పక్కకు ఆపేయండి.

ఇప్పుడు కాగితం సంగతి. వాషింగ్టన్ చట్టం ప్రకారం వంద డాలర్లు దాటేలా ఉన్న రిపేరుకు రాతపూర్వక ఎస్టిమేట్ అడిగే హక్కు మీకుంది. షాపువాళ్ళిచ్చే ఫారంలో మూడు దారులుంటాయి: ముందు ఎస్టిమేట్ రాసివ్వండి అని ఒకటి, ఇంత దాటితే నాకు ఫోన్ చేయండి అని ఒకటి, ఎస్టిమేట్ అక్కర్లేదు అని ఒకటి. తొందరలో మూడోదాని దగ్గర సంతకం పెట్టేసి వచ్చినవాళ్ళను నేను చూశాను. మొదటిదాని దగ్గరే పెట్టండి. రాసిచ్చాక మిమ్మల్ని అడగకుండా పది శాతానికి మించి పెంచకూడదు. నాలుగు వందలు అంటే నాలుగు వందల నలభై దాకా, సేల్స్ ట్యాక్స్ వేరే. పని ఒప్పుకునేటప్పుడే "తీసేసిన పార్టు నాకివ్వండి" అని చెప్పండి. ఎక్స్చేంజ్ కింద, వారంటీ కింద వెనక్కి పంపాల్సినవైతే ఇవ్వరు గానీ చూపించాలి. గొడవైతే అటార్నీ జనరల్ ఆఫీసుకు ఫిర్యాదు రాయొచ్చు, దానికి ఫీజు లేదు. పది వేల డాలర్ల లోపు అయితే చిన్న దావాల కోర్టు ఉంది. కింగ్ కౌంటీ జిల్లా కోర్టు భవనం రెడ్‌మండ్‌లోనే ఉంది.

కంపెనీ వ్యాను నడిపే అన్నదమ్ములు ఇంకొకటి గమనించాలి. "నీ చేతిలోనే గేర్లు పోయాయి, జీతంలో కోసుకుంటాం" అని మేస్త్రీ అంటే తల ఊపకండి. ఉద్యోగంలో ఉండగా పాడైన సామాను ఖరీదు జీతంలో పట్టుకోవడానికి రాష్ట్ర రూల్సు ఒప్పుకోవు. పిల్లల్ని దించడానికి ఇంటివాళ్ళ కారు నడిపే అక్కచెల్లెళ్ళకు ఇలాంటి మాట ఎదురైతే, డబ్బు విషయం ఒప్పుకునే ముందు రాష్ట్ర కార్మిక శాఖ, అంటే ఎల్ అండ్ ఐ, ఆఫీసుకు ఫోన్ చేయండి. ఇంగ్లీషు ఇబ్బందైతే తెలుగు మాట్లాడే దుబాసీ కావాలని అడగండి. కోడ్ ఫొటో, తేదీ, ఆ రోజు మీటరులో ఎన్ని మైళ్ళున్నాయో మీ ఫోన్లో ఉంచుకోండి. లైటు వెలిగిన రోజే ఓనర్‌కి ఒక మెసేజ్ పెట్టండి, నోటితో చెప్పి ఊరుకోకండి.