బంగారు గనుల చెంత పుట్టిన నాయకుడు

పిల్లలూ! దిల్‌సుఖ్‌నగర్‌లో నగల దుకాణాలు చూశారు గదా! ఒకప్పుడు మన దేశంలో తీసిన బంగారంలో చాలా భాగం ఒక్క చోటినుంచే వచ్చేది. అదే కోలారు. నేటి కర్ణాటకలో, పూర్వపు మైసూరు సంస్థానంలో ఉన్న ఆ జిల్లాలో ఎన్నో ఇళ్ళలో ఈనాటికీ తెలుగే మాట్లాడతారు.

1880లో ఒక ఇంగ్లీషు కంపెనీ అక్కడ పనిలోకి దిగింది. తవ్వగా తవ్వగా ఒక గని రెండు మైళ్ళ లోతుకు పోయింది. అది ఎంత లోతో తెలుసునా? దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ వైపు ముప్పాతిక దారి నడిచి, ఆ దారిని నిలువుగా భూమిలోకి దించినట్టు ఊహించుకోండి! అంత లోతున రాళ్ళు కాలుతూ ఉండేవి. ఒక్కొక్కప్పుడు పైబరువుకు బండలు పెళ్ళున పగిలి కూలీల మీద పడేవి.

1902లో రెండు సంగతులు జరిగాయి. మే 4న, గనులకు దగ్గరలోని క్యాసంబళ్ళి గ్రామంలో చెంగల్రాయరెడ్డి పుట్టాడు. జూన్‌లో శివసముద్రం జలపాతం నుంచి గనులకు కరెంటు వచ్చింది. బెంగుళూరు నగరానికే 1905 దాకా కరెంటు లేదు! మరి చుట్టుపక్కల పల్లెల మాట చెప్పాలా?

ఇటువంటివి ఎవరు నిర్ణయించేవారు? రాజుగారి ప్రభుత్వం. ప్రజాప్రతినిధి సభ ఒకటి ఉండేది గాని, అది మొర పెట్టుకోవటానికే. నిర్ణయం దివానుగారిదే.

చెంగల్రాయరెడ్డి న్యాయశాస్త్రం చదివి, 1930లో మరికొందరితో కలిసి ప్రజాపక్షం స్థాపించారు. ప్రజలు ఎన్నుకున్నవారే పాలించాలని ఆయన పట్టుదల. తరవాత మైసూరు కాంగ్రెసు అధ్యక్షుడయారు.

1947 ఆగస్టు 15న దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. కాని మైసూరులో అధికారం ప్రజల చేతికి రాలేదు. మన హైదరాబాదు కూడా 1948 సెప్టెంబరు దాకా ఆగవలసివచ్చింది గదా! సెప్టెంబరు 1న రెడ్డిగారి నాయకత్వాన "మైసూరు చలో" ఉద్యమం లేచింది. నాయకులను జైళ్ళలో పెట్టినా జనం వెనక్కు తగ్గలేదు. సుమారు నలభై రోజులకు జయచామరాజ మహారాజు ఒప్పుకున్నారు. అక్టోబరు 25న రెడ్డిగారు మైసూరు తొలి ముఖ్యమంత్రి అయారు.

ఆయన రాజ్యాంగ సభలో కూడా సభ్యులు. ఆ సభ రాసిన రాజ్యాంగం గని కూలీకీ, గని యజమానికీ సమానమైన ఓటు ఇచ్చింది.

రెడ్డిగారు 1976లో కన్నుమూశారు. తీసే బంగారం కంటె ఖర్చే ఎక్కువ కావటంతో 2001లో గనులు మూతపడ్డాయి. ఆ ఓటు మాత్రం అక్కడి జనం చేతిలోనే ఉంది.