అటక మీది కట్ గ్లాస్: ధర కట్టే ముందు చూడాల్సినవి

రాజీవ్ రహదారి మీదున్న ప్రజ్ఞాపూర్ లాంటి ఊళ్లలో పాత పెంకుటిల్లు విప్పుతున్నారంటే అటక మీది సామానంతా కిందికి దిగుతుంది. ఇత్తడి బిందె, రాగి కాగు తూకానికి పోతాయి. గాజుకు తూకం ధర రాదు. అందుకే దాన్ని పాత సామాన్లు కొనేవాడి చేతిలో ఊరికే పెట్టేస్తారు. అలా పోయేవాటిలో చేత్తో సానపట్టిన వందేళ్ల నాటి గిన్నె ఉంటే అది తీరని నష్టం. పాతది కదా అని ప్రతి గాజు జగ్గుకూ లక్షలు వస్తాయనుకోవడమూ పొరపాటే.

అలాంటి గిన్నె ఇటువైపు ఇళ్లలో ఉండటం వింతేమీ కాదు. నిజాం కాలంలో హైదరాబాద్ దేవిడీల్లో విలాయతీ గాజుకు గొప్ప ఆదరణ ఉండేది. బర్మింగ్‌హామ్‌లో 1807లో మొదలైన ఆస్లర్ కంపెనీ కలకత్తాలో దుకాణమే తెరిచి మన సంస్థానాధీశులకు దీపాల గుత్తులు, గాజు కుర్చీలు కూడా అమ్మింది. అసలైన పనితనం చూడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియంలోని యూరప్ గాజు గదికి వెళ్లాలి. ఇంగ్లండ్, ఫ్రాన్స్, బొహీమియా పనులు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒక పూట అక్కడ నిలబడి చూసినవాళ్ల కన్ను అంత తేలిగ్గా మోసపోదు.

ఇక చేతిలోని గిన్నె సంగతి. ముందు కళ్లు మూసుకుని నగిషీ మీద వేలు నడపండి. కట్ గ్లాస్ అంటే మందపాటి గాజును తిరిగే చక్రానికి ఆనించి గాడులు తీసిన పని. మొదట ఇనుప చక్రం మీద తడి ఇసుకతో కోస్తారు, తర్వాత రాతి చక్రం మీద నున్నన చేస్తారు, చివరికి చెక్క చక్రం మీద మెరుగు పెడతారు. అందుకే గాడుల అంచు వేలికి చురుక్కున తగులుతుంది. అచ్చులో నొక్కి చేసిన గాజుకు ఆ పదును ఉండదు, అంచులన్నీ మొద్దుగా ఉంటాయి. అచ్చు రెండు ముక్కలు కలిసిన చోట సన్నని గీత కూడా దొరకొచ్చు. ఇప్పుడు గిన్నెను కిటికీ దగ్గర వాల్చి భూతద్దంతో చూడండి. గాడి లోపల వెంట్రుకల్లాంటి సమాంతర గీతలు కనిపిస్తే అది చక్రం మీద మెరుగు పెట్టిన గుర్తు. 20వ శతాబ్దం వచ్చేసరికి ఆమ్లంలో ముంచి మెరుగు పెట్టే పద్ధతి బాగా వ్యాపించింది. అలా చేసినవాటిలో ఈ గీతలు కనపడవు, పదును కూడా కాస్త తగ్గుతుంది. నన్నడిగితే, ఈ ఒక్క పరీక్ష మిగతా అన్నిటికంటే నమ్మదగింది.

మంచి కట్ గ్లాస్‌లో సీసం కలుస్తుంది. జార్జ్ రావెన్స్‌క్రాఫ్ట్ 1674లో ఇంగ్లండ్‌లో పేటెంట్ తీసుకున్నాక ఆ గాజుకు పేరొచ్చింది. అది బరువుగా ఉంటుంది. గ్లాసు అంచు మీద గోటితో మెల్లగా మీటితే గుడిగంటలా మోత కాసేపు నిలుస్తుంది. అయితే మందపాటి గిన్నె, మెడ సన్నటి సీసా సరిగా మోగకపోవచ్చు. మోగలేదని పక్కన పడేయకండి.

వయసు తెలియాలంటే అడుగు తిప్పి చూడాలి. ఏళ్ల తరబడి బల్ల మీద జరిగిన పాత్రకు నేల తగిలే చోట మాత్రమే, అన్ని దిక్కులా, అడ్డదిడ్డంగా గీతలుంటాయి. అన్నీ ఒకే దిక్కుకు ఉంటే ఎవరో గరుకు కాగితంతో రుద్దారని అనుమానించాలి. ముద్ర ఉంటే మరీ మంచిది. ‘చెకొస్లొవేకియా’ అని ఉంటే అది 1918కి ముందుది కాదు, ఆ దేశం పుట్టిందే అప్పుడు. పాత సీసాల్లో బిరడా మీదా మెడ మీదా ఒకే అంకె గీసి ఉంటుంది. అంకెలు కలవకపోతే బిరడా వేరే సీసాది.

ధర దగ్గరికొస్తే, వయసు కంటే పనితనం, ఆ తర్వాత దెబ్బలు లెక్కకొస్తాయి. అంచు పెచ్చు లేచినా, నెర్ర పడినా విలువ బాగా పడిపోతుంది. పెచ్చును అరగదీసి దాచేవాళ్లూ ఉంటారు. అంచు ఒకచోట పల్లంగా ఉందా, నగిషీ అక్కడ అర్ధాంతరంగా తెగిందా చూడండి. లోపల తెల్లగా మసకబారి, కడిగినా పోకపోతే అది గాజుకే పట్టిన జబ్బు. విడి గ్లాసు కంటే ఆరు కలిసిన సెట్టుకు, మామూలు తెల్ల గాజు కంటే రంగు పొర మీద కోసినదానికి ఎక్కువ పలుకుతుంది. కొన్ననాటి రసీదో, ఇంట్లో వాడినప్పటి పాత ఫోటోనో ఉంటే దాచి పెట్టండి. ఒక్క వ్యాపారి మాట విని అమ్మేయకండి, ఇద్దరు ముగ్గురికి చూపించండి.

అమ్మకుండా ఇంట్లో ఉంచుకునేవారు అందులో పచ్చడి, నిమ్మరసం నిల్వ ఉంచకూడదు. పులుపుకు సీసం ఊరి తిండిలోకి దిగుతుంది. అమెరికాలోని పిల్లలకు పంపాలనుకునేవారు చట్టం కూడా చూసుకోవాలి. నూరేళ్లు దాటిన కళావస్తువు 1972 నాటి చట్టం కింద పురావస్తువు కావచ్చు. పురావస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. వస్తువు ఆ కోవలోకి రాదని పురావస్తు శాఖ పత్రం ఇస్తుంది, అది చేతికొచ్చాకే పెట్టెలో సర్దాలి.