సేవకు లక్ష్యశుద్ధి

రోగికి వైద్యుడు చికిత్సను నిర్ణయిస్తాడు. రేయింబవళ్లు రోగి చెంతనుండి ఆ చికిత్స ఫలించేటట్లు చూసేది నర్సు. ఈ వృత్తికి కరుణ ప్రాణమే అయినా, ప్రణాళిక లేని కరుణ పూర్తిగా ఫలించదు.

ఫ్లోరెన్స్ నైటింగేల్ జీవితమే ఇందుకు నిదర్శనం. క్రిమియా యుద్ధకాలంలో, 1854లో, ఆమె 38 మంది సహచరులతో స్కుటారీ సైనిక వైద్యశాలకు చేరారు. గాయాలకంటె అంటువ్యాధులే ఎక్కువమంది సైనికులను బలిగొన్నాయని అనంతరం లెక్కలతో నిరూపించారు. పరిశుభ్రత, గాలి, వెలుతురు, పథ్యం నర్సుల నిత్యవిధులని బోధించారు. 1860లో లండన్‌లో నర్సుల శిక్షణాలయాన్ని నెలకొల్పారు.

నేటికీ అదే మార్గం అనుసరణీయం. ‘రోగిని బాగా చూడాలి’ అన్నది సంకల్పం మాత్రమే. ‘కదలలేని రోగిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి’ అన్నది లక్ష్యం. దానిని వేళతో సహా నమోదు చేయవచ్చు. తప్పితే వెంటనే తెలుస్తుంది. అలక్ష్యం చేస్తే ఒకేచోట ఒత్తిడి పడి చర్మం చితికి, పడకపుండ్లు ఏర్పడతాయి. రోగిని తాకడానికి ముందూ తరువాతా చేతులు కడుక్కోవడం, మందు ఇచ్చే ముందు రోగి పేరు సరిచూడటం ఇటువంటి లక్ష్యాలే.

అయితే రోగుల సంఖ్యకు తగినంతమంది నర్సులు లేనిచోట ఎంతటి దీక్ష అయినా సన్నగిల్లుతుంది. కనుక లక్ష్యసాధన నర్సుల బాధ్యత. అందుకు తగిన వసతి కల్పించడం సమాజం బాధ్యత.