‘రన్’ అంటే పరుగొక్కటేనా?

క్రికెట్లో బ్యాటర్ తీసేది రన్. జలుబు చేసి ముక్కు కారినా రన్నే. నది పారినా, బస్సు నడిచినా, ఎవరైనా హోటల్ నడిపినా ఇంగ్లిషులో అదే మాట. ఎన్నికల్లో పోటీ చేయడాన్నీ అమెరికావాళ్లు రన్ అనే అంటారు. బ్రిటన్‌లో మాత్రం ‘స్టాండ్’ అంటారు. ఒకచోట పరుగు, ఇంకోచోట నిలబడటం, పని మాత్రం ఒకటే!

ఒక్క మాటకు ఇన్ని అర్థాలు ఎందుకు?

ఇది వెయ్యేళ్లకు పైబడిన మాట, పైగా చాలా పొట్టిది. మొదట్లో మనుషులు, గుర్రాలు పరుగెత్తడానికి, నీళ్లు పారడానికి వాడేవారు. యంత్రాలు వచ్చాక అవి ఆగకుండా తిరగడమూ రన్ అయింది. కంప్యూటర్ వచ్చాక ప్రోగ్రామ్‌కూ అదే తగిలించారు. కొత్త మాట పుట్టించడం కన్నా పాతదాన్ని సాగదీయడం తేలిక కదా!

1928లో పూర్తయిన ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో ఎక్కువ చోటు ‘సెట్’ది. తర్వాత రన్ దాన్ని దాటేసింది. క్రియగానే 645 అర్థాలు తేలాయి! వాటిని విడదీయడానికి పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడికి తొమ్మిది నెలలు పట్టింది.

మరి ఏ అర్థమో తెలిసేదెలా? పక్క మాటలను బట్టే. ‘రన్ అవుట్’ పక్కన వికెట్లుంటే బ్యాటర్ అవుట్, పాలుంటే పాలు అయిపోయాయని.

మన ‘కొట్టు’ మాత్రం తక్కువదా? ఈత కొడతాం, ఈల కొడతాం, కొబ్బరికాయ కొడతాం, బోరూ కొడుతుంది. ఇంకెన్ని ఉన్నాయో మీరే రాసి చూడండి.